లాంగ్ వీకెండ్‌కి ఇంగ్లండు పల్లెలు: ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడం ఎలా

ఇంగ్లండులో పల్లె ప్రయాణం చాలామందికి ఫోటోతో మొదలవుతుంది. బైబరీలో తేనెరంగు రాతి ఇళ్ల వరసో, డర్డిల్ డోర్ దగ్గర సముద్రంలోకి దిగిన రాతి తోరణమో కంటపడుతుంది. ఊరు అక్కడికక్కడే ఖాయమైపోతుంది. ఇక మిగతాదంతా దానికి తగ్గట్టు సర్దుకోవడమే. శుక్రవారం రాత్రి మోటర్‌వే మీద నాలుగు గంటలు, శనివారం పార్కింగ్ కోసం గంట, ఆదివారం రాత్రి తిండి దొరక్క బిస్కెట్లు. ఈ క్రమాన్ని తిరగేయాలి. ముందు సెలవు, తర్వాత గంటల లెక్క, తర్వాత వచ్చే మనుషులు, ఆ తర్వాత నేల, మకాం ఊరు. ఫోటో చిట్టచివర.

1. ఏ సెలవు?

ఇంగ్లండులో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలున్నా పల్లెకు వెళ్లడానికి బాగా పనికొచ్చే వారాంతాలు నాలుగే: ఈస్టర్ (గుడ్ ఫ్రైడే నుంచి సోమవారం దాకా 4 రోజులు, తేదీ ఏటా మారుతుంది), మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం. క్రిస్మస్ రోజుల్లో లండన్‌లోనే సాయంత్రం 4 కాకముందే పొద్దు గూకుతుంది. క్రిస్మస్ నాడు రైళ్లు అసలు నడవవు.

ఈ నాలుగూ ఒకలాంటివి కావు. మే చివరి సోమవారం సాధారణంగా బడుల హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవు) వారంలో పడుతుంది. ఆ వారం చాలా కాటేజీలు 7 రాత్రులకు తప్ప ఇవ్వవు, ఇచ్చినా అద్దె బాగా ఎక్కువ. మే మొదటి సోమవారానికి ఆ బెడద లేదు. మంగళవారం బడి ఉంటుంది కాబట్టి దూరం వెళ్లేవాళ్లు తగ్గుతారు. పైగా ఏప్రిల్ ఆఖరు నుంచి మే మధ్య దాకా అడవుల్లో బ్లూబెల్ పూలు నేలంతా నీలంగా పరుచుకుంటాయి. రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ వారాంతాన్నే పట్టుకోవాలని మా సలహా.

ఆగస్టు చివరి సోమవారం రద్దీ విపరీతం. ఆ వారాంతం ఒక్క చోట మాత్రం రద్దీని భరించినా నష్టం లేదు: నార్త్ యార్క్ మూర్స్. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా అక్కడి గుట్టలు హెదర్ పూతతో ఊదారంగులో ఉంటాయి. ఆ తర్వాత క్రిస్మస్ వరకూ బ్యాంక్ హాలిడే లేదు. సెప్టెంబరులో ఒక శుక్రవారం, సోమవారం సొంత సెలవు పెట్టుకోగలిగితే అన్నిటికన్నా చవక బేరం అదే.

2. చేతిలో గంటలెన్ని?

శుక్రవారం సాయంత్రం 5:30కి ఆఫీసు వదిలి, సోమవారం రాత్రి 8కి ఇంట్లో ఉండాలంటే మొత్తం డెబ్బైనాలుగున్నర గంటలు. వినడానికి ఎక్కువే. కానీ తిరగడానికి మిగిలేది రెండు పూర్తి పగళ్లు, సోమవారం ఒక పూట. అందుకే ఒక హద్దు పెట్టుకోండి: మూడు రోజుల సెలవుకు ఒకవైపు ప్రయాణం 3 గంటలు దాటకూడదు, ఈస్టర్‌లాంటి నాలుగు రోజులకు నాలుగున్నర గంటలు దాటకూడదు.

ఈ 3 గంటలు రైల్లో కూర్చునే సమయం కాదు, మీ గుమ్మం నుంచి బస గుమ్మం దాకా. ఉదాహరణకు ఈస్ట్ హామ్ నుంచి విండర్మియర్ చూడండి. ఇంటి నుంచి యూస్టన్ స్టేషన్‌కు ముప్పావు గంట, ప్లాట్‌ఫాం చూసుకోవడానికి 20 నిమిషాలు, ఆక్సెన్‌హోమ్ దాకా రెండు గంటల నలభై నిమిషాలు, అక్కడ రైలు మారడానికి 20, విండర్మియర్‌కు ఇంకో 20. మొత్తం దాదాపు నాలుగున్నర గంటలు తేలుతుంది. యూస్టన్‌లో బోర్డు మీద కనిపించే రెండు గంటల నలభై నిమిషాలనే నమ్ముకుంటే అక్కడే మోసపోతాం. లండన్ వాళ్లకు లేక్ డిస్ట్రిక్ట్ ఈస్టర్ ఊరు, మే మొదటి వారం ఊరు కాదు. మాంచెస్టర్, లీడ్స్‌లలో ఉండేవాళ్లకు ఈ లెక్కే వేరు.

కారైతే మ్యాపు యాప్‌లో ఇప్పటి సమయం చూడకండి, బయలుదేరే సమయం శుక్రవారం సాయంత్రం 5 అని పెట్టి చూడండి. బ్యాంక్ హాలిడే శుక్రవారం మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 7 దాకా ఎం25, ఎం5, ఎం6 నిండిపోతాయి. రాత్రి ఏడున్నర తర్వాతో, శనివారం ఉదయం ఆరున్నర లోపో బయలుదేరితే అదే దూరం హాయిగా సాగుతుంది. మోటర్‌వే దిగాక పల్లె రోడ్ల మీద సగటున గంటకు 30 మైళ్లు మించి వేసుకోవద్దు. ఒంటి వరస రోడ్డు మీద 60 మైళ్ల వేగానికి అనుమతి ఉండొచ్చు గానీ మలుపు అవతల ట్రాక్టర్ ఉంటుంది.

రైలు వాళ్లకు ఇంకో చిక్కుంది. పట్టాల మరమ్మతులకు రైల్వే వాళ్లు సరిగ్గా బ్యాంక్ హాలిడే వారాంతాలనే ఎంచుకుంటారు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు తక్కువ కాబట్టి. రైలు ఉండాల్సిన చోట బస్సు పెడతారు, రెండు గంటల ప్రయాణం నాలుగవుతుంది. బస బుక్ చేసే ముందే నేషనల్ రైల్ సైటులో ఆ తేదీల్లో మీ దారిలో మరమ్మతులున్నాయేమో చూడండి. చవక అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా 8 నుంచి 12 వారాల ముందు వస్తాయి. సెలవు వారాలకు అవి ఆలస్యంగా తెరుచుకుంటున్నాయంటే మరమ్మతుల పట్టిక ఇంకా తేలలేదేమోనని అనుమానించాలి.

ఈ లెక్కతో ఎవరికి ఏది అందుతుంది?

లండన్, రీడింగ్, స్లౌ వైపు వాళ్లకు: న్యూ ఫారెస్ట్ (వాటర్లూ నుంచి బ్రాకెన్‌హర్స్ట్ గంటన్నర పైన), సౌత్ డౌన్స్ (విక్టోరియా నుంచి లూయిస్ గంటా పది నిమిషాలు), కాట్స్‌వోల్డ్స్ (పాడింగ్టన్ నుంచి మోర్టన్-ఇన్-మార్ష్ గంటా నలభై నిమిషాలు). పీక్ డిస్ట్రిక్ట్ కూడా హద్దు అంచున దొరుకుతుంది: సెయింట్ పాంక్రస్ నుంచి షెఫీల్డ్ రెండు గంటలు, అక్కడి నుంచి హేథర్‌సేజ్ 20 నిమిషాలు.

బర్మింగ్‌హామ్ వాళ్లు మాల్వర్న్ కొండలు, ష్రాప్‌షైర్ గుట్టలు చూడాలి. చర్చ్ స్ట్రెటన్ అనే చిన్న ఊళ్లో రైలు దిగితే లాంగ్ మింద్ (516 మీ.) ఊరి వెనకే మొదలవుతుంది. పేరు మోసిన చోట్ల జనంలో సగం కూడా ఇక్కడ ఉండరు.

మాంచెస్టర్, షెఫీల్డ్ వాళ్లకు పీక్ డిస్ట్రిక్ట్ పెరడు లాంటిది. అక్కడికి ఒక్క పగలు చాలు. లాంగ్ వీకెండ్‌ను లేక్ డిస్ట్రిక్ట్‌కో యార్క్‌షైర్ డేల్స్‌కో దాచుకోండి. లీడ్స్ నుంచి సెటిల్ రైల్లో గంట. న్యూకాసిల్ వాళ్లకు హేడ్రియన్ గోడ, నార్తంబర్లండ్ తీరం.

కార్న్‌వాల్ గురించి ఒక్క మాట. పాడింగ్టన్ నుంచి పెన్‌జాన్స్‌కు రైల్లోనే 5 గంటల పైన. కారైతే ఏ303 స్టోన్‌హెంజ్ దగ్గర ఒంటి వరసకు కుదించుకుపోయి సెలవు రోజుల్లో పాకుతుంది. మూడు రోజులకు కార్న్‌వాల్ వద్దు. వారం ఉంటే వెళ్లండి.

3. జట్టులో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరు?

ఊరు ఎంచుకునేది వాళ్ల కోసం. ఉత్సాహవంతుడి కోసం కాదు. వేసవిలో మన ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. రోజూ గంట నడిచే అలవాటున్న అమ్మ కూడా బురదలో, తడిసిన రాళ్ల మీద, గొర్రెల కంచె దాటే చెక్కమెట్ల మీద అంత దూరం నడవలేరు. ఆ చెక్కమెట్లను ఇక్కడ స్టైల్ అంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు ఇబ్బంది కొండ కాదు, ఇవే. లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు వాళ్లు స్టైల్స్ లేని దారులను మైల్స్ వితౌట్ స్టైల్స్ పేరుతో విడిగా జాబితా వేశారు. డేల్స్, పీక్ డిస్ట్రిక్ట్‌లలోనూ ఇలాంటి జాబితాలున్నాయి. అందులో ఉన్న దారైతే తోపుడు బండిలో పసిపాప ఉన్నా సాగుతుంది.

పెద్దవాళ్లతో వెళ్లడానికి మచ్చుకు కొన్ని: కెసిక్ ఊరి నుంచి డెర్వెంట్ వాటర్ ఒడ్డున ఫ్రయర్స్ క్రాగ్ దాకా దాదాపు చదును దారి, సరస్సు చుట్టూ 3 కి.మీ. కంకర బాట ఉన్న టార్న్ హౌస్ (దీనికి కారు కావాలి). పీక్ డిస్ట్రిక్ట్‌లో పాత రైలు పట్టాలు తీసేసి వేసిన మోన్‌సల్ ట్రెయిల్, ఎనిమిదిన్నర మైళ్లు, దీపాలున్న సొరంగాలతో సహా. ఎంత దూరం నడిచినా అదే దారిన వెనక్కి రావచ్చు గనక అమ్మమ్మ ఒక సొరంగం చూసి తిరిగొచ్చేసినా యాత్ర చెడిపోదు.

కుర్రాళ్లే వెళ్తుంటే లెక్క నేయ్‌స్మిత్ సూత్రంతో వేయండి. 1892 నాటిదైనా ఇప్పటికీ అదే వాడతారు: 5 కి.మీ.కి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 12 కి.మీ. నడక, 450 మీ. ఎక్కుడు అనుకుంటే రెండు గంటల ఇరవైనాలుగు నిమిషాలు, దానికి 45 నిమిషాలు కలిపి మూడు గంటల పది నిమిషాలు. ఇందులో భోజనం, ఫోటోలు, దారి తప్పడం లేవు. కొత్తవాళ్ల గుంపుకు దీన్ని ఒకటిన్నర రెట్లు చేయండి.

4. ఏ రకం నేల?

ఇంగ్లండు చిన్నదే గానీ రెండు గంటలు ప్రయాణిస్తే కాళ్ల కింద రాయి మారిపోతుంది. నేలను బట్టే నడక ఎలా ఉంటుందో, వాన పడితే ఏమవుతుందో తెలుస్తుంది.

సౌత్ డౌన్స్ సుద్ద నేల. నీరు త్వరగా ఇంకుతుంది, దారులు తొందరగా ఆరుతాయి, చెట్లు తక్కువ గనక గాలి ఎక్కువ. సెవెన్ సిస్టర్స్ కొండల అంచు హెచ్చరిక లేకుండా విరిగిపడుతుంది, కింద బోలుగా ఉన్నదీ పైనుంచి కనపడదు. అంచుకు కొన్ని మీటర్లు ఎడంగానే నడవాలి. అంచున కూర్చుని ఫోటో దిగడం వద్దు. యార్క్‌షైర్ డేల్స్‌లోనూ, పీక్ దక్షిణ భాగంలోనూ సున్నపురాయి. తడిస్తే సబ్బు రుద్దినట్టు జారుతుంది, మాలమ్ కోవ్ పైన ఉన్న పగుళ్ల రాతి నేల మీద మరీను. పీక్ ఉత్తర భాగం, కిండర్ స్కౌట్ (636 మీ.) పైన పీట్ నేల. ఎండాకాలం కూడా నల్లటి బురద. పైన గుర్తులేమీ ఉండని మైదానం కాబట్టి మబ్బు దిగితే అనుభవజ్ఞులు కూడా దారి తప్పుతారు.

లేక్ డిస్ట్రిక్ట్‌లో నిజమైన కొండలున్నాయి. ఇంగ్లండులో ఎత్తైన స్కాఫెల్ పైక్ (978 మీ.) ఇక్కడిదే. వానా ఇక్కడిదే. బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి సుమారు 3,500 మి.మీ. కురుస్తుంది. సముద్రపు గాలి కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి కురవడమే కారణం. అందుకే ఆ కొండలకు ఉత్తర, ఈశాన్య దిక్కుల్లో ఉన్న కెసిక్, పెన్‌రిత్‌లకు వెళ్లేకొద్దీ వాన తగ్గుతుంది. వానంటే విసుగున్నవాళ్లు మకాం అటువైపు చూసుకోవాలి.

న్యూ ఫారెస్ట్ చదును. పేరులో అడవి ఉన్నా సగం బయలు పొదలే. గుర్రాలు, గాడిదలు, ఆవులు రోడ్ల మీద స్వేచ్ఛగా తిరుగుతాయి. కంచె లేని రోడ్ల మీద హద్దు గంటకు 40 మైళ్లు, చీకటి పడ్డాక అదీ ఎక్కువే. గుర్రాలకు మేత పెట్టడం నిషేధం, జరిమానా ఉంటుంది. గడ్డిలో నడిచి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చంకల్లో పేలలాంటి టిక్ పురుగులున్నాయేమో చూడండి. ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, నలపకూడదు. తర్వాతి వారాల్లో ఎర్రటి వలయంలా దద్దు వస్తే డాక్టరుకు చూపించాలి. అది లైమ్ జబ్బు గుర్తు.

కాట్స్‌వోల్డ్స్‌ది నడక కన్నా ఊళ్ల అందం. అక్కడి గుట్టల సున్నపురాయిలో ఇనుము ఉండటంతో ఇళ్లకు ఆ తేనెరంగు వచ్చింది. ఆ రాయి ప్రాంతమంతా ఉంది, ఆ ఇళ్లూ ప్రాంతమంతా ఉన్నాయి. బైబరీలో టూరిస్టు బస్సుల మధ్య నిలబడక్కర్లేదు.

5. మకాం ఊరు

అసలు నిర్ణయం ఇది. లేక్స్‌కి వెళ్తున్నాం, పీక్‌కి వెళ్తున్నాం అంటే ఏమీ తేలనట్టే. ప్రాంతం బాగుండి మకాం తప్పితే మూడు రోజులూ కారులోనే గడుస్తాయి. ఎంచుకున్న ఊరిని ఐదు ప్రశ్నలు అడగండి.

గుమ్మం దాటగానే నడక దారి ఉందా? ఆదివారం, సోమవారం బస్సో రైలో ఉందా? రాత్రి తిండి దొరికే చోట్లు కనీసం రెండు ఉన్నాయా? నడిచి వెళ్లేంత దూరంలో కిరాణా ఉందా? వాన రోజున రెండు గంటలు గడపడానికి కప్పు కింద ఏదైనా ఉందా? నాలుగింటికి అవునని వస్తే ఆ ఊరు తీసుకోవచ్చు. మూడే వస్తే కారు తప్పనిసరి. రెండే వస్తే, ఆ ఊరు ఎంత అందంగా ఉన్నా పగలు చూసి రావడానికి సరిపోతుంది, రాత్రులకు కాదు.

పీక్ డిస్ట్రిక్ట్‌లోని హోప్ లోయలో, దాని చుట్టుపక్కల ఈ ప్రశ్నలు వేసి చూద్దాం. కాసిల్టన్ అందరికీ తెలుసు: గుహలు, కోట, పైన మామ్ టార్ (517 మీ.). కానీ రైలు లేదు, దగ్గరి స్టేషన్ హోప్ సుమారు 3 కి.మీ. సెలవు రోజున పార్కింగ్ పది గంటలకే నిండుతుంది. ఈడేల్‌లో రైలుంది, 268 మైళ్ల పెన్నైన్ వే మొదలయ్యేది అక్కడే. కానీ పబ్బులు రెండే, దుకాణం చిన్నది. వాన పడితే చేయడానికి ఏమీ లేదు. బేక్‌వెల్‌లో దుకాణాలు, సోమవారం సంత, పేరున్న పుడ్డింగు ఉన్నాయి, రైలు లేదు. హేథర్‌సేజ్‌లో రైలుంది, పబ్బులున్నాయి, 1936 నాటి వేడినీళ్ల ఆరుబయట ఈత కొలను ఉంది, స్టానేజ్ ఎడ్జ్ బండల అంచుకు ఊళ్లోంచే నడిచి ఎక్కవచ్చు. అక్కడి నుంచి రైల్లో ఒక స్టేషన్ వెళ్తే గ్రిండిల్‌ఫర్డ్, దిగగానే పాడ్లీ గార్జ్ అడవి. పేరులో కాసిల్టన్ గెలిచినా బ్యాంక్ హాలిడే మకాంగా హేథర్‌సేజే గెలుస్తుంది.

లేక్ డిస్ట్రిక్ట్‌లోనూ ఇదే పద్ధతి. ఆంబుల్‌సైడ్‌కు, కెసిక్‌కు ఐదు ప్రశ్నల్లోనూ మార్కులొస్తాయి. విండర్మియర్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్, కెసిక్‌లను కలిపే 555 బస్సు ఆదివారం కూడా తిరుగుతుంది. ఆంబుల్‌సైడ్ దగ్గర వాటర్‌హెడ్ నుంచి బోనెస్‌కు పడవలున్నాయి. పెద్దవాళ్లు పడవ ఎక్కుతారు, కుర్రాళ్లు కొండ ఎక్కుతారు, సాయంత్రం అందరూ ఒకే చోటికి చేరతారు. బటర్మియర్, వాస్‌డేల్ హెడ్ ఇంకా అందమైనవే, కారు లేకుండా అక్కడ మకాం పెట్టకూడదు.

మ్యాపులో దగ్గరున్న చోటు కూడా దగ్గర కాదని వాస్‌డేల్ నేర్పుతుంది. ఆంబుల్‌సైడ్ నుంచి గీత గీస్తే సుమారు 20 కి.మీ. మధ్యలో కొండలు. నావిగేషన్ యాప్ రైనోస్, హార్డ్‌నాట్ కనుమల మీదుగా పంపుతుంది. హార్డ్‌నాట్ వాలు 33 శాతం, అంటే మూడడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి, అదీ ఒకే కారు పట్టే మలుపుల మీద. అలా వెళ్లినా గంట పైనే. చుట్టూ తిరిగి వెళ్తే గంటన్నరకు తక్కువ కాదు.

కాట్స్‌వోల్డ్స్‌లో కారు లేనివాళ్లు మోర్టన్-ఇన్-మార్ష్‌లో దిగి అక్కడే ఉండటం మేలు. బోర్టన్-ఆన్-ది-వాటర్‌కు 801 బస్సుంది గానీ పల్లె బస్సులన్నిటికీ ఉన్న జబ్బే దీనికీ ఉంది: ఆదివారం, బ్యాంక్ హాలిడే సోమవారం సర్వీసులు పలచబడతాయి. సోమవారం బ్యాంక్ హాలిడే అయితే బస్సులు చాలాచోట్ల ఆదివారం పట్టిక ప్రకారమే నడుస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

6. రైలా, కారా?

ఇద్దరే వెళ్తుంటే, మకాం స్టేషన్ ఊరైతే, రైలు. టూ టుగెదర్ రైల్‌కార్డుతో ఇద్దరికీ మూడో వంతు తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9:30 లోపు చెల్లదు, వారాంతాల్లో, బ్యాంక్ హాలిడేల్లో ఎప్పుడైనా చెల్లుతుంది. పిల్లలుంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు: పెద్దలకు మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు 60 శాతం తగ్గింపు. ఐదేళ్ల లోపు వాళ్లకు టికెట్టే లేదు. కుటుంబ ప్రయాణమైతే ఒక్క ట్రిప్పులోనే కార్డు ఖరీదు చాలావరకు తిరిగొస్తుంది. ఇంగ్లండులో చాలా లోకల్ బస్సుల్లో 2025 జనవరి నుంచి ఒక ప్రయాణానికి గరిష్ఠ ధర 3 పౌండ్లు.

నలుగురైదుగురు ఉండి, వంట సామాను, పెద్దవాళ్లు ఉంటే కారు. అద్దె కారు తీసుకునేవాళ్లు మూడు విషయాలు ముందే చూసుకోవాలి. ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. చిన్న ఊళ్ల అద్దె కార్యాలయాలు శనివారం మధ్యాహ్నం మూసేస్తే మళ్లీ మంగళవారమే తెరుస్తాయి, కాబట్టి తీసుకోవడం శుక్రవారమే. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి, చేతిలో డెబిట్ కార్డు తప్ప లేనివాళ్లు కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు.

ఒకే కారు పట్టే రోడ్డు మీద ఎదురుగా బండి వస్తే పాసింగ్ ప్లేస్ మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే దాని ఎదుట ఆగండి, వాళ్లే అందులోకి వెళ్తారు. దారిచ్చినవాళ్లకు చెయ్యెత్తడం ఇక్కడి మర్యాద. ఆ చోట్లలో కారు పార్క్ చేయడం మాత్రం పెద్ద తప్పు.

7. బస

మూడు రోజులకు మూడు రకాల బసలు పనికొస్తాయి. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో ఉదయం తిండి కలిసే ఉంటుంది, వంటగది ఉండదు. కాటేజీలో వంటగది ఉంటుంది, కానీ బ్యాంక్ హాలిడేకి కనీసం 3 రాత్రులు (శుక్రవారం నుంచి సోమవారం) తీసుకోమంటారు. సాయంత్రం 4కి తాళాలు, వెళ్లే రోజు ఉదయం 10కి ఖాళీ చేయాలి. ఆ సోమవారం సామానంతా కారులో పెట్టుకునే తిరగాలని ముందే అనుకోండి. మూడోది మనవాళ్లు పెద్దగా పట్టించుకోని వై.హెచ్.ఏ. హాస్టళ్లు. హాస్టల్ అనగానే బంకు మంచాల హాలు అనుకుంటారు గానీ కుటుంబానికి విడి గదులు దొరుకుతాయి, చాలాచోట్ల అందరూ వాడుకునే వంటగది ఉంటుంది. ఆంబుల్‌సైడ్‌లోది సరస్సు ఒడ్డునే ఉంది.

మే మొదటి వారానికి మూడు నెలల ముందు, ఆగస్టుకు నాలుగైదు నెలల ముందు వెతకడం మొదలుపెట్టండి. దొరక్కపోతే నిరుత్సాహం వద్దు. ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఉచితంగా రద్దు చేసుకునే గడువు దగ్గర పడగానే కొన్ని గదులు వెనక్కి వస్తాయి. ఆ వారం రోజూ ఒకసారి చూడండి. టెంటు వేసుకుందామంటే క్యాంప్ సైటుకే వెళ్లాలి. డార్ట్‌మూర్‌లోని కొన్ని భాగాలు తప్ప ఇంగ్లండులో స్థలం యజమాని అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ టెంటు వేసే హక్కు లేదు.

8. తిండి

పల్లె పబ్బు రాత్రి 11 దాకా తెరిచే ఉంటుంది, వంటగది మాత్రం అంతసేపు తెరిచి ఉండదు. మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర, సాయంత్రం 6 నుంచి 9: ఈ వేళల బయట చిప్స్ ప్యాకెట్టే గతి. ఆదివారం మరీ జాగ్రత్త. మధ్యాహ్నం రోస్ట్ వడ్డించి సాయంత్రానికి చాలాచోట్ల పొయ్యి ఆర్పేస్తారు. ఆదివారం రాత్రి భోజనానికి బస బుక్ చేసిన రోజే బల్ల బుక్ చేయండి. పెద్ద సూపర్ మార్కెట్లు (280 చ.మీ. పైబడినవి) ఆదివారం 6 గంటలే తెరుస్తాయి, ఈస్టర్ ఆదివారం అసలు తెరవవు.

శాకాహారులకు ఒక హెచ్చరిక: యార్క్‌షైర్ వైపు చిప్స్ దుకాణాల్లో చాలావాటిలో వేయించేది గొడ్డు కొవ్వులో (డ్రిప్పింగ్ అంటారు). నూనెలోనా, డ్రిప్పింగ్‌లోనా అని అడగడం అక్కడ మామూలే, ఎవరూ ఏమీ అనుకోరు.

కాటేజీలో వండుకుంటే తాలింపు దగ్గర ఆగండి. ఎండుమిర్చి వేగగానే పొగ అలారం మోగుతుంది, కొన్ని చోట్ల అది పక్కింటికి కూడా కలిపి ఉంటుంది. పులిహోర పులుసు, కందిపొడి, పచ్చడి ఇంటి దగ్గరే సిద్ధం చేసి సీసాల్లో తీసుకెళ్తే అక్కడ అన్నం ఒక్కటి వండితే చాలు. పులిహోర డబ్బా కొండ మీదకూ పనికొస్తుంది.

9. మ్యాపు, వాన, ఆవులు

ఊరు ఖాయమయ్యాక ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి, లేదా వాళ్ల యాప్‌లో ఆ ప్రాంతాన్ని ఫోనులోకి దించుకోండి. 1:25,000 కొలత, అంటే 4 సెం.మీ.కి 1 కి.మీ. పొట్టి ఆకుపచ్చ గీతల వరస నడిచే హక్కున్న దారి, పొడుగు ఆకుపచ్చ గీతలు గుర్రాలకు, సైకిళ్లకు కూడా. నల్ల చుక్కల గీత నేల మీద బాట ఉందని మాత్రమే చెబుతుంది, నడిచే హక్కు ఉందని కాదు. లేత పసుపు రంగు పూసిన నేల మీద దారి లేకున్నా తిరగవచ్చు. ఇది 2000 నాటి చట్టం ఇచ్చిన హక్కు. లోయల్లో సిగ్నల్ పోతుంది. మ్యాపూ, టికెట్లూ, బస తలుపు కోడ్ కూడా ముందే దించుకోవాలి. పార్కింగ్‌కు యాప్ తప్ప వేరే దారి లేని చోట్లుంటాయి, సిగ్నల్ లేక యాప్ తెరుచుకోని చోట్లూ ఉంటాయి. పది పౌండ్ల చిల్లర కారులో ఉంచండి.

వాతావరణం బుధవారం చూడండి, అంతకుముందు చూసి లాభం లేదు. కొండలెక్కేవాళ్లు ఊరి ఉష్ణోగ్రత కాదు, మెట్ ఆఫీసు కొండల సూచన చూడాలి. వంద మీటర్ల ఎత్తుకు అరడిగ్రీ పైన తగ్గుతుంది, దానికి గాలి తోడు. జీన్స్ తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. జీన్స్ మానేసి ట్రాక్ ప్యాంటు వేసుకున్నా మేలే. రెండు పగళ్లలో ఏది తేలికగా ఉంటే ఆ రోజు కొండ, రెండో రోజు కోటో, గుహో, పడవో. ఇలా రోజులు అటూఇటూ మార్చుకునే వీలు కోసమే ఏ రోజూ టికెట్లతో బిగించకండి.

సముద్ర తీరమైతే వాతావరణంతో పాటు పోటు వేళలు చూడాలి. నార్తంబర్లండ్‌లో లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే రోడ్డును సముద్రం రోజుకు రెండుసార్లు ముంచేస్తుంది. దాటదగిన వేళల పట్టిక ఉన్నా ఏటా కార్లు మునుగుతూనే ఉంటాయి. డోర్సెట్‌లో లల్వర్త్ కోవ్ నుంచి తూర్పుకు వెళ్లే దారి సైనిక కాల్పుల స్థలం మీదుగా పోతుంది, మామూలు రోజుల్లో మూసి, చాలా వారాంతాల్లో తెరుస్తారు. ముందు చూసుకుని వెళ్లండి.

ఇక ఆవులు. మన ఊళ్లలో వీధిలో పడుకున్న ఆవును చుట్టి వెళ్లే అలవాటు. ఇక్కడి పచ్చిక బయళ్లలో దూడలున్న ఆవుల మంద వేరు. మనిషి కన్నా వెంట ఉన్న కుక్కను చూసి మీదికొస్తాయి. తల్లికీ దూడకూ మధ్య నడవకండి, పొలం అంచు పట్టుకుని దూరంగా చుట్టి వెళ్లండి. కుక్క ఉండి అవి తరిమితే గొలుసు వదిలేయండి, అది తప్పించుకోగలదు. గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలాలి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

కొండ మీద ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసు అనాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ. తీరంలో అయితే కోస్ట్‌గార్డ్. మాట్లాడేంత సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్లొచ్చు. ఇంటి దగ్గరే 999కి రిజిస్టర్ అనే ఇంగ్లీషు మాట మెసేజ్ చేసి నమోదు చేసుకుంటే ఆ సదుపాయం పనిచేస్తుంది.

ఒక లెక్క, మొదటి నుంచి చివరి దాకా

రీడింగ్‌లో ఉండే కుటుంబం: భార్యాభర్తలు, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ. సెలవు మే మొదటి సోమవారం. కారు లేదు. హద్దు 3 గంటలు.

లేక్స్ మొదటే పోయింది. కాట్స్‌వోల్డ్స్ దూరం సరిపోతుంది, కానీ మోర్టన్ నుంచి ఊళ్లకు ఆదివారం, సోమవారం బస్సులు పలచన. మాల్వర్న్‌కు రీడింగ్ నుంచి రైలుంది, గ్రేట్ మాల్వర్న్ మంచి ఊరే. అయితే స్టేషన్ నుంచి ఊరు ఎగువకు, ఊరి నుంచి కొండ ఇంకా ఎగువకు, అమ్మమ్మకు కష్టం. బ్రాకెన్‌హర్స్ట్‌కు రీడింగ్ నుంచి మారకుండా వెళ్లే రైళ్లున్నాయి. స్టేషన్ ఊళ్లోనే, నేల చదును, కంకర బాటలు. ఊరు దాటగానే గుర్రాలు కనిపిస్తే పాపకు ఇంకేమీ అక్కర్లేదు. ఐదు ప్రశ్నల్లో నాలుగు దాటింది. కప్పు కింద గడపడానికి ఊళ్లో పెద్దగా లేదు. అందుకే వాన రోజుకు వేరే ఏర్పాటు: అదే స్టేషన్ నుంచి పది నిమిషాల లోకల్ రైల్లో లిమింగ్టన్ రేవు, అక్కడి నుంచి 40 నిమిషాల ఫెర్రీలో ఐల్ ఆఫ్ వైట్‌లోని యార్మౌత్. కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తూ పోవచ్చు.

ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు, మూడు రాత్రుల బస, ఆదివారం రాత్రికి పబ్బులో బల్ల. శనివారం కంకర బాట మీద రెండు గంటలు, ఆదివారం ఎండైతే అడవి, వానైతే ఫెర్రీ. సోమవారం తిరుగు రైలు మధ్యాహ్నం 2 లోపు. నాలుగు దాటితే బోర్న్‌మత్ బీచి నుంచి వచ్చే జనంతో ఆ రైళ్లలో నిలబడాల్సి వస్తుంది. బుకింగులోనే నాలుగు సీట్లు రిజర్వు చేయించుకోండి.